మూడో వరసలో మంగళసూత్రం

నేను సాక్సోఫోన్ వాయిస్తాను. అందులోనూ జాజ్. విజయవాడలో ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చెప్పి పరువుగా బయటపడటం కష్టం. సాక్స్ అంటే ఎదుటివాళ్లు నా కాళ్లవైపు చూస్తారు. జాజ్ అంటే జాజికాయ వ్యాపారమా అంటారు. ఒకసారి బ్యాంకులో ఒకమ్మాయి నా వృత్తి అడిగితే ఓపిగ్గా విడమరిచి చెప్పాను. ఆ అమ్మాయి అంతా విని, పక్క సీటాయనతో "బూర ఊదుతారంటండీ" అంది. నా జీవితాన్ని అంత క్లుప్తంగా నేను కూడా చెప్పలేను. గాలి మీద బతికేవాణ్ని, గాలి మాటలకి నొచ్చుకుంటే ఎలా?

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. ఆదివారాలు చర్చిలో క్లారినెట్టు వాయించేవాడు. ఆయన పెదాల మీద క్లారినెట్టు ఉన్నంతసేపూ తిట్లు ఉండేవి కావు కాబట్టి మా అమ్మ సంగీతాన్ని బాగా ప్రోత్సహించేది. నేను ఆయన క్లారినెట్టుతో మొదలుపెట్టి, ఎవరో అమ్మేసిన పాత సాక్సోఫోన్ మీదకి మారి, ముంబై వెళ్లి, అక్కడ ఒక గోవా మాస్టారి దగ్గర జాజ్ నేర్చుకున్నాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ప్రయాణికుల ఓడల మీద బ్యాండులో వాయించాను. ఓడిపోయి తిరిగొచ్చాడని మా బంధువులు అంటారు. ఓడ దిగి వచ్చానని నేను అంటాను. రెండింటికీ మధ్య తేడా మా బంధువులకి వినపడదు.

ఓడ మీద మా పద్ధతి ఒకటి ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. జాజ్‌లో పాట ఎంతసేపు సాగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఒకడు తనకి తోచినట్టు వాయించుకుంటూ పోతాడు, మిగతావాళ్లు అతని వెనక పోతారు. ఇక చాలనిపించినప్పుడు బ్యాండు లీడరు చెయ్యి పైకెత్తి వేలు గుండ్రంగా తిప్పుతాడు. ఇదే ఆఖరి చుట్టు, అందరూ కలిసి బలమంతా పెట్టి ముగించండి అని దానర్థం. కళ్లు అరమోడ్చి వాయిస్తున్నా ఆ తిరిగే వేలు మాత్రం కనపడి తీరాలి. నాకు అది నిద్రలో కూడా కనపడేంత అలవాటైపోయింది.

ఊరికి తిరిగొచ్చాక బెంజి సర్కిల్ దగ్గర ఒక హోటల్లో, సాయంత్రం బఫే పక్కన నిలబడి వాయించే పని దొరికింది. మొదటిరోజు ప్రాణం పెట్టి ముప్పావుగంట వాయించి ఆపాను. పనీరు కూర వడ్డించుకుంటున్న ఒక పెద్దమనిషి ప్లేటుతో సహా నా దగ్గరికొచ్చి, ఎంతో మర్యాదగా, "శ్రుతి చేసుకోవడం అయిందాండీ? ఇంక మొదలెడతారా?" అన్నారు. మొదలెట్టాను. సినిమా పాటలు.

కృష్ణలంకలో మా పక్క వాటాలో ఒక సన్నాయి విద్వాంసుడు ఉంటారు. డెబ్బై దాటాయి. నన్ను "అబ్బాయ్" అని పిలిచే మనిషి ఈ ఊళ్లో ఆయనొక్కరే మిగిలారు. తల నెరిసిన నేను ఆ పిలుపుకి ఇట్టే లొంగిపోతాను. గన్నవరం వెళ్లే దారిలో పెద్ద కళ్యాణమండపం ఒకటుంది. అక్కడ ఏ పెళ్లి జరిగినా మేళం ఆయనదే, డోలు ఆయన అల్లుడిది. చల్లపల్లి నుంచి నూజివీడు దాకా ఎన్ని మేళాలున్నాయో అన్నిటి కళ్లూ ఆ చోటు మీదే. ఒక్క లగ్నానికి ఆయన కనపడకపోతే రెండోదానికి ఇంకెవరో కూర్చుంటారు. మూడోదానికి ఈయనెవరని అడుగుతారు.

శ్రావణమాసం పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయనగా ఆయన పైవరస ముందుపళ్లన్నీ తీసేయాల్సి వచ్చింది. డాక్టరు తాత్కాలికంగా కట్టుడుపళ్లు పెట్టి, చిగుళ్లు గట్టిపడేదాకా సన్నాయి ముట్టుకోవద్దన్నాడు. నోట్లో సన్నాయి లేకపోయినా ఆయన దగ్గర సన్నాయి నొక్కులకి లోటు లేదు. ఒకరోజు పొద్దున్నే డాబా మీద నేను సాధన చేసుకుంటుంటే పిట్టగోడ అవతల నుంచి పలకరించారు.

"అబ్బాయ్, అది పాటా, పైపులో ఏదన్నా అడ్డంపడిందా?"

"పాటేనండి బాబాయ్‌గారూ."

"ఆ బూరలో మన కీర్తన పలుకుతుందా?"

"మీరు నేర్పితే పలుకుతుందండి."

"అయితే ఈ సీజను నా చోట్లో నువ్వు కూచో. ఇంకో మేళంవాణ్ని కూచోబెడితే వాడు మళ్లీ లేవడు. నువ్వైతే లేస్తావు."

అది నా మంచితనం మీద నమ్మకమో, నా ప్రతిభ మీద అంచనానో నేను తేల్చుకోలేదు. తేల్చుకుంటే రెండోదే తేలుతుందని భయం. నేను మాత్రం ఆయన చోటు కాపాడి తిరిగి ఆయనకి అప్పగించాలని గట్టిగా అనుకున్నాను. రోజూ డాబా మీద ఆయన పాడేవారు, నేను వాయించేవాణ్ని. పళ్లు కొత్తవి కాబట్టి ఆయన నోట "స" అన్నది "ష"గా వచ్చేది. నా సాక్సోఫోన్‌లో మాత్రం శుద్ధంగా వచ్చేది. అదొక్కటే ఆయన కంటే నేను బాగా పలికింది.

గట్టిమేళం గురించి ఆయన ఒక పూట ప్రత్యేకంగా కూర్చోబెట్టి చెప్పారు.

"మిగతాదంతా నీ ఇష్టం. గట్టిమేళం మాత్రం నీది కాదు. పంతులుగారు చెయ్యెత్తుతారు, అప్పుడు అందుకోవాలి. ఇప్పుడు పెళ్లిళ్లలో స్టేజీ మీద ఫొటోలవాళ్ల వీపులు తప్ప జనానికి ఏం కనపడతంది? తాళి కట్టేది ఎవరూ చూళ్లేరు. గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని మన మోత కోసమే కాచుక్కూచుంటారు. మనం మోగితే వాళ్లు వేస్తారు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. మా చర్చి పెళ్లిళ్లలో ఈ బాధ లేదు. పాస్టరుగారు మైకులో వీళ్లు భార్యాభర్తలని అందరికీ వినపడేట్టు ప్రకటించాక, గొంతు సవరించుకుని తీరిగ్గా మొదలుపెట్టొచ్చు.

మొదటి పెళ్లికి పట్టుపంచె కట్టుకున్నాను. జీవితంలో పంచె కట్టని మనిషిని కాబట్టి మా ఆవిడ రెండు వైపులా పిన్నీసులు పెట్టింది. "జారితే మాత్రం వాయించడం ఆపకండి. మీరు వాయిస్తున్నంతసేపూ ఎవరూ మీవైపు చూడరు" అని ధైర్యం చెప్పింది.

పదిన్నరకి ముహూర్తం. జీలకర్ర బెల్లం వేళకి పంతులుగారు చెయ్యెత్తారు, నేను అందుకున్నాను, డోలు అందుకుంది, అక్షింతలు పడ్డాయి. ఎక్కడా తేడా రాలేదు. డోలు అల్లుడు నావైపు చూసి తలూపాడు. అక్కడే చెడింది. నాకు భయం పోయింది.

తర్వాత మంగళసూత్రాన్ని కొబ్బరిబోండం మీద పెట్టి, పళ్లెంలో జనం మధ్యకి పంపించారు. పెద్దవాళ్లంతా దాన్ని తాకి దీవించి వెనక్కి పంపాక కదా కట్టేది. పళ్లెం తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది, ఈలోపు నెమ్మదిగా మోహన రాగంలో కీర్తన వాయించుకోమని బాబాయ్‌గారు చెప్పి ఉన్నారు. మొదలుపెట్టాను. ఆ పూట నా ఊపిరి నేను చెప్పినట్టల్లా వింది. రెండు నిమిషాలు కీర్తనలో ఉన్నాను, తర్వాత కీర్తన గడప దాటాను. స్వరాలు పట్టుకుని ఎటో వెళ్లిపోయాను. ఎన్నో ఏళ్లుగా ఎవరూ వినని జాజ్ అంతా అక్కడ, మోహనలో, పందిట్లో కూర్చున్న నాలుగు వందల మంది మీద కుమ్మరించాను. వాళ్లు వింటున్నారని కూడా అనుకున్నాను. నిజానికి వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు.

అరమోడ్చిన కళ్లకి ఒక చెయ్యి కనపడింది. పంతులుగారి వెనక, పైకెత్తిన చెయ్యి. వేలు గుండ్రంగా తిరుగుతోంది.

నా బుర్ర ఆలోచించలేదు, ఒళ్లు అందుకుంది. ఆఖరి చుట్టు, బలమంతా పెట్టి. డోలు అల్లుడు అప్పుడే తలవంచి పట్టీ బిగించుకుంటున్నాడు. నా మోత విని, పంతులుగారి చెయ్యి తానే చూడలేదనుకుని అదిరిపడి, ఆ తప్పు సరిదిద్దుకోవడానికన్నట్టు రెట్టింపు బలంతో అందుకున్నాడు. అంతే. నాలుగు వందల మంది లేచి నిలబడి అక్షింతలు వేశారు. వెనక వరసలవాళ్లు ముందుకొచ్చి మరీ వేశారు.

స్టేజీ మీద పెళ్లికొడుకు వట్టి చేతులతో కూర్చుని ఉన్నాడు. మంగళసూత్రం మూడో వరసలో, ఒక మామ్మగారి ఒళ్లో ఉంది. నెత్తి మీద పడ్డ అక్షింతలు దులుపుకుంటూ ఆవిడ పక్కావిణ్ని అడిగిన మాట, మేము ఆపిన నిశ్శబ్దంలో హాలంతా వినపడింది.

"కట్టేశాడా? మరిది నా దగ్గరుందేంటే?"

పంతులుగారు మైకు లాక్కున్నారు. "ఆగండాగండి! ఇంకా కట్టలేదు! అక్షింతలు దాచుకోండి!" దాచుకోవడానికి ఎవరి గుప్పిట్లోనూ గింజ మిగల్లేదు. నాకు కనపడ్డ ఆ చెయ్యి పెళ్లికూతురి మేనమామది. హోమం పొగ పిల్ల కళ్లలోకి కొడుతోందని, దూరంగా ఉన్న పెద్ద ఫ్యాను ఇటు తిప్పమని సైగ చేశాట్ట.

"ఫ్యానండీ! ఫ్యాను తిప్పమన్నా! మీకెందుకు మధ్యలో?" అని ఆయన నామీదకి వచ్చాడు.

నాకెందుకో నేను చెప్పగలను, కానీ అది ఓడ దగ్గర మొదలుపెట్టి చెప్పాలి. ఆయనకి అంత తీరిక ఉన్నట్టు కనపడలేదు.

పెళ్లికూతురు బాసికం కింద నవ్వు ఆపుకోలేక వణుకుతోంది. ఆ అమ్మాయి అలా నవ్వుతుంటే కొంచెం ఊపిరి పీల్చుకుందామనుకున్నాను. కానీ పక్కన వాళ్లమ్మ ముఖం చూశాను. ఎవరో మేనత్త వెనకనుంచి "అపశకునం" అన్నట్టుంది, ఆ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నావైపు చూస్తోంది. తిట్టినా బాగుండేది. నేను సాక్సోఫోన్ గొట్టంలోకి చూస్తూ, అందులో దూరడానికి చోటుంటే ఎంత బాగుండునని లెక్కలేసుకున్నాను. పంతులుగారు మంచివారు. "ముందస్తు ఆశీర్వాదమమ్మా, రెండుసార్లు పడుతున్నాయి, ఎవరికి దక్కుతుంది?" అని ఆవిణ్ని ఊరడించారు. వంటశాల నుంచి బియ్యం వచ్చాయి. పసుపు అంటించే తీరిక లేక సగం పచ్చగా, సగం తెల్లగా ఉన్నాయి. అవి అందరికీ పంచేదాకా పెళ్లి ఆగింది. ఈసారి తాళి కడుతుంటే నేను వాయించలేదు. డోలు ఒక్కటే మోగింది.

ఇంటికొచ్చేసరికి, పందిట్లో ఎవరో ఫోనులో తీసిన వీడియో మా చర్చి గాయకబృందం గ్రూపులోకి నాకంటే ముందే చేరింది. కింద ఎవరో "తొందరపాటు రాగం, ఆదరాబాదరా తాళం" అని రాశారు. బాగా రాశారు, నాకు తట్టి ఉంటే నేనే రాసేవాణ్ని. నా దగ్గర సంగీతం పాఠం చెప్పించుకునే పిల్లలు ఆ వారం నన్ను చూసినప్పుడల్లా వేలు తిప్పి చూపించుకున్నారు.

ఆ రోజే వెళ్లి బాబాయ్‌గారి గుమ్మంలో నిలబడ్డాను. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. బొమ్మ చూడటం లేదు, పాట వింటున్నారు. అది అయ్యాక దించారు.

"మోహన బాగుంది అబ్బాయ్."

ఫోను పక్కన పెట్టి నావైపు తిరిగారు.

"ఎవరి పెళ్లనుకుని వాయించావు?"

 మేనమామ అరుపు మర్చిపోయాను గానీ ఈ ప్రశ్న మాత్రం మోహన ఎత్తుకున్నప్పుడల్లా ఇప్పటికీ వినపడుతుంది.

సాయంత్రం మండపం మేనేజరు బాబాయ్‌గారికి ఫోను చేశాడు. అతని మాట మర్యాదగానే ఉంది. వచ్చే లగ్నానికి పెద్దాయన స్వయంగా కూర్చుంటే సరే, లేకపోతే చల్లపల్లి మేళాన్ని పిలుస్తానన్నాడు. డోలు అల్లుడు గోడకి చేరబడి, "ఇంక మన పని అయిపోయినట్టే మావయ్యగారూ" అన్నాడు. నావైపు చూడకుండా అన్నాడు. చూసి అన్నా నేను అనిపించుకునేవాణ్ని.

"కూచోమన్నాడుగా, కూచుంటా. ఊదమన్లేదుగా" అన్నారు బాబాయ్‌గారు.

అలా కుదిరింది ఏర్పాటు. ఆయన సన్నాయి ఒళ్లో పెట్టుకుని ముందు కూర్చుంటారు. పక్కన నేను వాయిస్తాను. గట్టిమేళం వేళకి నా మోకాలు నొక్కుతారు. నొక్కితే మొదలుపెట్టాలి, నొక్కకపోతే పైకప్పు కూలినా కదలకూడదు.

రెండో పెళ్లికి మేనేజరు పని మానుకుని వచ్చి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ఆ రోజు కీర్తన గడప దాటలేదు. అసలు గడప దగ్గరికే వెళ్లలేదు, నట్టింట్లో ఒక మూల ఒదిగి కూర్చుని వాయించాను. కళ్లు ఆర్పకుండా పంతులుగారి చెయ్యినే చూస్తున్నాను. పళ్లెం జనంలోకి వెళ్లింది, తిరిగొచ్చింది. పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు, మంగళసూత్రం అతని చేతుల్లోకి వచ్చింది. పంతులుగారు చెయ్యెత్తారు. చూశాను. నా మోకాలి మీద బాబాయ్‌గారి చెయ్యి నొక్కింది. అదీ తెలిసింది.

కానీ ఊపిరి రాలేదు. ఈ చెయ్యి ఆ చెయ్యేనా, పంతులుగారు చెమట తుడుచుకోబోతున్నారా, ఎవరినన్నా పక్కకి జరగమంటున్నారా? ఆ ఒక్క క్షణంలో అన్నీ అనుమానించాను. మోకాలు ఇంకా గట్టిగా నొక్కారు. పెదాలు బిగుసుకుపోయాయి. పెళ్లికొడుకు చేతులు పెళ్లికూతురి మెడ వెనక్కి వెళ్లాయి. హాలంతా గుప్పిళ్లు బిగించి మా కోసం చూస్తోంది.

మోకాలి మీద బరువు పోయింది. బాబాయ్‌గారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని పళ్లు తీసేశారు. మరుక్షణం సన్నాయి పెదాల మధ్య ఉంది.

ఆ స్వరం బాగాలేదు. సగం గాలి పక్కనుంచి పోయింది, మిగతా సగం బొంగురుగా వచ్చింది. కానీ ఎత్తుగా వచ్చింది, సమయానికి వచ్చింది. డోలు దాన్ని పట్టుకుని లేచింది. అక్షింతలు పడ్డాయి. అప్పుడు గానీ నాకు ఊపిరి రాలేదు. ఆయన ఆపిన చోట నేను అందుకున్నాను. పక్కనుంచి చూసేవాళ్లకి ముందే అనుకుని చేసినట్టే ఉంటుంది.

మేనేజరు గుమ్మం దగ్గరనుంచి నడిచొచ్చి ఆయనకి దణ్ణం పెట్టాడు. "మీరు ఊదితే ఆ కళే వేరండీ. సీజనంతా మీరే రావాలి, ఇంకెవర్నీ పిలవను." బాబాయ్‌గారు కండువా నోటి దగ్గరనుంచి తీయకుండా తలూపారు. మేనేజరు నావైపు తిరిగి, "ఇవాళ మీరు కూడా బాగా సపోర్టు ఇచ్చారు మాస్టారూ" అన్నాడు. థాంక్స్ అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో తెలియదు. ఊపిరి రావాల్సినప్పుడు రాలేదు, ఇది మాత్రం వెంటనే వచ్చింది.

మా ఆటో నిడమానూరు దాటింది. డోలు అల్లుడు ముందు సీట్లో ఉన్నాడు. బాబాయ్‌గారు మజ్జిగ ప్యాకెట్టు చింపి, పుక్కిలించి బయటికి ఉమ్మారు. ఎర్రగా ఉంది. సన్నాయికి నోట్లో పెట్టుకునే పీకని కండువాతో తుడిచారు, కండువాకీ అంటింది.

"డాక్టరు దగ్గరికి పోదామండి, తిన్నగా" అన్నాను.

"పోయి ఏం చెప్పమంటావు? పెళ్లికెళ్లి సన్నాయి ఊదానని చెప్పమంటావా?" పళ్లు లేని మాట సరిగ్గా రాక, నింపాదిగా అన్నారు. "ఎందుకాగావు?"

"ఆ చెయ్యి అదో కాదోనని..."

"మొన్న కానిదాన్ని చెయ్యనుకున్నావు. ఇయ్యాల చెయ్యిని కాదనుకున్నావు."

"నన్ను మానిపించెయ్యండి బాబాయ్‌గారూ. చల్లపల్లి మేళంలోంచి ఎవరన్నా కుర్రాణ్ని తెచ్చుకుందాం. మీ ఎదురుగా ఉంటాడు కాబట్టి మీ చోటు ఎక్కడికీ పోదు."

ఆయన సన్నాయిని సంచిలో పెట్టి తాడు బిగించారు. "వాడొస్తే మొత్తం వాడే ఊదుతాడు. ఇంక నేనెందుకు? నువ్వొస్తే మొదటి ముక్క నేను ఊదాలి కాబట్టి నాకు అక్కడ పనుంటది. మొదటి ముక్క నాది. మిగతాది నువ్వు సూసుకో."

డోలు అల్లుడు వెనక్కి తిరిగి ఏదో అనబోయి, మామగారి ముఖం చూసి మళ్లీ ముందుకి తిరిగాడు. సీజనులో ఇంకా చాలా లగ్నాలు ఉన్నాయి. వాటిలో ప్రతిదానికీ ఆ చిగుళ్లతో ఒక స్వరం ఉంది. నేను వద్దని గట్టిగా అని ఉండాల్సింది. అనలేదు. ఆయన కూర్చుంటేనే చోటు నిలుస్తుందని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆయన పక్కన నాకూ కొంచెం చోటుందని నేను లోపల్లోపల సంతోషించానని ఆయనకి తెలియకుండా ఉంటే బాగుండునని బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో అడుగుపెట్టగానే మా ఆవిడ పంచెకి పెట్టిన పిన్నీసులు తీస్తూ అడిగింది.

"ఎలా జరిగిందండీ?"

"బాగా జరిగింది. చోటు నిలబడింది."

"గట్టిమేళం సమయానికి ఊదారా?"

"బాబాయ్‌గారు ఊదారు."

ఆవిడ చేతిలో పిన్నీసుతో ఆగిపోయింది. "ఆ నోటితోనా? మరి మీరు?"

"నేను తర్వాత ఊదాను" అన్నాను.